బేకరీ ఆయన ఎడమ కన్ను

కంటాసుపత్రి వెనక వరండా చివరి గదిలో కూర్చుని కృత్రిమ కళ్ళు తయారుచేసే ఆవిడని ఊరంతా కళ్ళక్క అంటారు. చిన్నవాళ్ళూ అక్కే అంటారు, మనవల్నెత్తినవాళ్ళూ అక్కే అంటారు. ఓ ముసలాయన అలా పిలిస్తే, "లేని వయసు నాకంటగట్టకు తాతా" అని గదమాయించి మరీ కుర్చీలో కూర్చోబెట్టింది. చెయ్యి చల్లనిది, నోరు వేడిది. ఒకటి కావాలంటే రెండోది భరించాల్సిందే.

ఆవిడ పని పద్ధతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కన్ను పోయిన గుంటకి మెత్తటి ముద్దతో అచ్చు తీస్తారు. ఆ కొలతకి తెల్లటి ప్లాస్టిక్ గుడ్డు పోస్తారు. ఎర్ర పట్టుదారాన్ని పోగుపోగుగా చీల్చి, నరాల్లా దానిమీద అతికిస్తారు. ఇదంతా కళ్ళక్క ఆడపడుచు పని. నల్లగుడ్డుకి రంగు వెయ్యడం మాత్రం కళ్ళక్కే. మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, జానెడు దూరంలో తను కూర్చుని, మిగిలిన కంట్లోకి చూస్తూ గీస్తుంది. ఎండ మారితే రంగు మారుతుంది కాబట్టి రోజూ కాసేపే. బిగుసుకుపోయి కూర్చుంటే చూపు రాయిలా ఉంటుందని మాట్లాడిస్తూనే ఉంటుంది. అంత దగ్గర్నుంచి ఒక మనిషి కంట్లోకి చూస్తూ కూర్చుంటే ఎవరి కడుపులో మాటైనా ఆగుతుందా? అత్తల సంగతులు, ఆస్తుల తగాదాలు, ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేని భయాలు, అన్నీ ఆ కుర్చీలోనే బయటపడతాయి. ఆ సంగతీ ఊరంతటికీ తెలుసు.

ఇక ఊరి సంగతి. ఆ ఊళ్ళో రెండు జాతులవాళ్ళున్నారు. రంగు వేరు, ముక్కు తీరు వేరు, తాతలు వచ్చిన దారులు వేరు. ఎవరిని అడిగినా "మనవాళ్ళు", "వాళ్ళు" అంటారు. అడిగిన మనిషిని బట్టి ఆ మాటలు తారుమారవుతాయి, అంతే తేడా.

మొదట దెబ్బ తిన్నది పోస్టుమాన్. కళ్ళక్క జాతివాడు. ట్రాములు ఆగేచోట అవతలి జాతి కుర్రాళ్ళు జాతి పేరు పెట్టి తిట్టి, ఇనుప గొట్టంతో కొట్టారు. కుడి కన్ను పోయింది. కళ్ళక్క వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అతన్ని కూర్చోబెట్టుకుని, "నొప్పిగా ఉందా నాన్నా?" అని అడుగుతూ, ఎన్ని పూటలు పట్టినా సరే, తల్లి జడ వేసినంత ఓపిగ్గా ఆ కన్ను గీసింది.

కొన్నాళ్ళకి రెండో దెబ్బ పడింది. ఈసారి తిన్నది అవతలి జాతి బేకరీ ఆయన. సాయంత్రం కొట్టు మూసేవేళ నలుగురైదుగురు మీదపడి, అలాగే జాతి పేరు తిట్లతో సీసా పెట్టి కొట్టారు. ఎడమ కన్ను పోయింది. కొట్టినవాళ్ళలో కళ్ళక్క మేనల్లుడున్నాడు.

ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేసే కుర్రాడు. వాడి తల్లికి ఒంట్లో బాగోలేని రోజుల్లో కళ్ళక్కే వాడికి నీళ్ళు పోసి, గోరుముద్దలు పెట్టి, బడికి పంపింది. ఇప్పుడు బెయిలు మీద ఇంట్లో ఉన్నాడు. కేసు తేలితే జైలు ఖాయమని వకీలు చెప్పేశాడు.

వాడి తండ్రి, అంటే కళ్ళక్క అన్నయ్య, ఒకరోజు పొద్దున్నే ఆస్పత్రి గేటు దగ్గర కాపు కాసి చెల్లెల్ని పట్టుకున్నాడు.

"ఆ బేకరీవాడు నీ దగ్గరికే కదా వచ్చేది. ఊళ్ళో కళ్ళు చేసేది నువ్వొక్కదానివే."

"అవును, వస్తే?"

"గొడవ ఎలా మొదలైందో అడుగు. ఏదో ఒకటి అనుంటాడు, చెయ్యెత్తుంటాడు. ఊరికే ఎవరు కొడతారు చెప్పు? ముందు తనే చెయ్యెత్తినట్టు నీతో అన్నాడంటే, అదే కోర్టులో నువ్వు చెబితే, మన పిల్లాడు బయటపడతాడు. నీ మాట ఎవరూ కాదనరు."

"అనకపోతే?"

అన్నయ్య గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "అంటాడులే" అన్నాడు.

కళ్ళక్క లోపలికి వచ్చేసింది. కాదనలేదు, అదీ సంగతి.

బేకరీ ఆయన చెప్పిన వేళకి వచ్చాడు. భారీ మనిషి, పొయ్యి దగ్గర కమిలిన చేతులు. కుర్చీలో ఒద్దికగా కూర్చున్నాడు. కళ్ళక్క అతని మొహంలోకి ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది. పక్క సొరుగు తెరిచింది. అందులో రకరకాల రంగుల్లో ముందే గీసిపెట్టిన నల్లగుడ్లు ఉంటాయి. తొందర్లో ఉన్నవాళ్ళకీ దూరాభారం నుంచి వచ్చేవాళ్ళకీ వాడతారు. ముదురు గోధుమరంగుది ఒకటి తీసి, అతని కంటి పక్కన పెట్టి, "సరిపోయింది. మీవాళ్ళ కళ్ళన్నీ ఇంచుమించు ఇదే రంగు" అంది.

అతను తలూపాడు. కళ్ళు చేసే మనిషి చెబుతుంటే కాదనడానికి అతనెవరు?

లేవబోతుంటే అడిగింది. "గొడవ ఎలా మొదలైంది?"

అతను మళ్ళీ కూర్చున్నాడు. ఏదో చెప్పబోయి, ఆవిడ మొహం చూసి, "ఏమోనండీ" అని వెళ్ళిపోయాడు.

కన్ను తయారై, పెట్టాక, అలవాటుపడ్డాడో లేదో చూడటానికి మళ్ళీ రమ్మన్నారు. అదే రోజు పోస్టుమాన్ కూడా తన కంటికి మెరుగు పెట్టించుకోవడానికి వచ్చాడు. గది బయట ఉన్నది ఒక్కటే బల్ల. ఇద్దరూ దాని రెండు చివర్లా కూర్చున్నారు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు ఖాళీ.

లోపల్నుంచి కళ్ళక్క వాళ్ళని చూసింది. "ఏమ్మాయ్, వీళ్ళిద్దర్నీ ఒకే రోజు రమ్మంది ఎవరు?" అని ఆడపడుచు మీద గుడ్లురిమింది.

"నువ్వే వదినా" అంది ఆడపడుచు.

ఈ ఆడపడుచుని ఇంట్లో ప్లీడరమ్మ అంటారు. నల్లకోటు వేసుకున్న పాపాన పోలేదు, పోసేది ప్లాస్టిక్ గుడ్లు. కానీ కూర ఉప్పగా ఉందంటే చాలు, ఉప్పు తరఫున వాదిస్తుంది.

వదినా ఆడపడుచూ తలుపు తెర పక్కన నిలబడి చెవులు రిక్కించారు. బయట ఒకరు దగ్గారు, ఇంకొకరు దగ్గారు. తర్వాత పోస్టుమాన్ గొంతు వినిపించింది.

"టీ కప్పులో పోసుకోవడం వచ్చిందా?"

"లేదండీ. బల్ల మీదే పోస్తున్నా. దూరం తెలిసి చావట్లేదు."

"కెటిల్ ముక్కు కప్పు అంచుకి ఆనించి పోయాలి. నాకు ఎవరూ చెప్పలేదు, చాలా పంచెలు తడిశాక తెలిసింది. మెట్లు దిగేటప్పుడు కాలి మడమ వెనక మెట్టుకి రాస్తూ దిగు."

"పొయ్యిలోకి పళ్ళెం తోసేటప్పుడు రోజూ అంచుకి కొడుతున్నా" అన్నాడు బేకరీ ఆయన. "మా ఆవిడ చప్పుడు విని, ఇవాళ ఎన్ని రొట్టెలు వంకరో చెప్పేస్తోంది."

పోస్టుమాన్ పెద్దగా నవ్వాడు. బల్ల కిర్రుమంది. ఎవరో జరిగారు.

"నా కోసమని నిన్ను కొట్టారట కదా" అన్నాడు పోస్టుమాన్. "నన్నెవరూ అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ణి."

"మిమ్మల్ని కొట్టినవాళ్ళూ మా కోసమే అన్నారు. మమ్మల్నీ ఎవరూ అడగలేదు."

ఇద్దరికీ అది పెద్ద వింతగా తోచినట్టుంది. తర్వాత పోస్టుమాన్, "ఇటు తిరుగు, వెలుగులోకి. ఇదేంటయ్యా, నీ రెండు కళ్ళకీ పొంతనే లేదు! ఆ కంట్లో తేనెరంగు ఉంది, దీంట్లో లేదు. నన్ను అక్క పూటలకి పూటలు కూర్చోబెట్టింది. నిన్ను ఎన్నాళ్ళు కూర్చోబెట్టింది?" అన్నాడు.

"నన్ను కూర్చోబెట్టలేదండీ. సొరుగులోంచి తీశారు."



తెర వెనక కళ్ళక్క మొహం ఎర్రబడింది. చెప్పొద్దూ, ముందు వచ్చింది సిగ్గు కాదు, ఉక్రోషం. "తపాలా సంచి మోసేవాడు నా పనికి మార్కులేస్తాడా?" అని గొణిగింది. ఆ తర్వాతే సిగ్గు వచ్చింది. ఇద్దర్నీ ఏవో సాకులు చెప్పి పంపించేసి, తలుపు వేసి, ఆడపడుచు వైపు తిరిగింది.

"అను. ఏదో అనాలని నాలుక దురద పెడుతోందిగా, అను."

"నేనేమీ అననక్కర్లేదు. ఒక్కటే అడుగుతా. పోస్టుమాన్‌ని నువ్వు మొదట అడిగిన మాటేంటి?"

"నొప్పిగా ఉందా అని."

"ఈయన్ని?"

కళ్ళక్క కుంచెలు సర్దడం మొదలుపెట్టింది.

"గొడవ ఎలా మొదలైందన్నావు. పోస్టుమాన్‌ని ఆ మాట అడిగావా? ఆ వేళప్పుడు ట్రాము దగ్గర నీకేం పని అన్నావా? అతను దెబ్బ తింటే అన్యాయం, ఈయన తింటే గొడవా?"

"కాకిపిల్ల కాకికి ముద్దు. మనవాడికి దెబ్బ తగిలితే నా కడుపు కాలింది. అది కూడా తప్పేనా? ఊళ్ళో దెబ్బ తిన్న ప్రతివాడి కోసం ఒక్కలా ఏడవాలంటే మనిషి బతుకుతాడా?"

"ఏడవకు. ఎవరు ఏడవమన్నారు? అడిగే ప్రశ్న ఒక్కటి ఉంటే చాలంటున్నా."

"మరి వాళ్ళు పోస్టుమాన్ కోసం ఏడ్చారా? వాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా అన్నం మానేశారా?"

"నాకేం తెలుసు, నేనేమైనా వాళ్ళ వంటిళ్ళల్లో కూర్చున్నానా? నువ్వు కూర్చున్నావా?"

కళ్ళక్కకి ఒళ్ళు మండింది. ఇంతలో ఒకటి గుర్తొచ్చి ఆవిడ మొహం వెలిగింది.

"ఆగు ప్లీడరమ్మా, ఆగు. పోస్టుమాన్‌ని కొట్టిన రోజు అన్నం దగ్గర కూర్చుని నువ్వేమన్నావు? మనవాళ్ళు వాళ్ళని ఇన్నేళ్ళూ తొక్కిపెట్టారు, పనుల్లోకి రానివ్వలేదు, ఇళ్ళు అద్దెకివ్వలేదు, కడుపుమంట ఉండదా అన్నావు. అన్నావా లేదా? కొట్టినవాడి కడుపుమంట ఆ రోజు నీకు కనిపించింది. ఇవాళ నా మేనల్లుడికి కడుపే లేదా? గురివిందగింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా!"

ప్లీడరమ్మ నోరు తెరిచింది. మూసింది. ఇంట్లో ఎప్పుడూ జరగని వింత అది. మెరుగు పెట్టే గుడ్డ తీసుకుని చేతిలో నలిపింది.

"అన్నాను" అంది చివరికి. "వాళ్ళని తొక్కిపెట్టారన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట ఆ రోజే అన్నాను చూడు, పోస్టుమాన్ కట్లు కూడా విప్పకముందే. అతని ఎదురుగా అనగలనా అంటే అనలేను. ఇంట్లో అనడానికి మాత్రం నోరొచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"నువ్వు మరీ అంతగా ఏడుస్తుంటే నాకు పంతం వచ్చిందేమో వదినా. ఏమో. నిజంగా తెలీదు."

కళ్ళక్కకి కోపం చల్లారిపోయింది. గెలిచానన్న సంతోషమూ రాలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, వాళ్ళ నోళ్ళు వాళ్ళవి కానట్టు, ఎవరో ఇద్దరు వేరే ఆడవాళ్ళ సంగతి ముచ్చటిస్తున్నట్టు, ఆ రెండు దెబ్బల్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. పోస్టుమాన్ వాళ్ళ జాతివాడై, బేకరీ ఆయన మన జాతివాడై ఉంటే? అప్పుడు ఎవరికి సొరుగు తెరిచేది, ఎవరికి కుర్చీ వేసేది? కళ్ళక్క నిజాయితీగా ఊహించి చూసింది. అప్పుడు బేకరీ ఆయన్ని నాన్నా అనేది. ఆ మాట పైకి చెప్పడానికి కష్టపడింది గానీ, చెప్పింది.

"మరి నీ అన్నయ్య అడిగిన దాని సంగతేంటి?" అంది ఆడపడుచు మెల్లగా.

"ఆ పిల్లాణ్ణి ఈ చేతులతో పెంచానే" అంది కళ్ళక్క. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వాడు జైలుకి పోతే నేను ఉండలేను. అది మాత్రం వాదించకు."

ప్లీడరమ్మ చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

మర్నాడు బేకరీ ఆయన్ని పిలిపించి, "నేను సరిగ్గా చెయ్యలేదు, మళ్ళీ చేస్తాను" అంది కళ్ళక్క. వివరం చెప్పలేదు, అతనూ అడగలేదు. కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆవిడ జానెడు దూరంలో కూర్చుని, ఈసారి చూపు తిప్పుకోకుండా చూసింది.

చూస్తే, అమ్మో, ఆ కంట్లో ఎన్ని రంగులో! అంచున ముదురు గోధుమ, నిజమే. లోపలికి వస్తే తేనె, కనుపాప చుట్టూ సన్నగా ఆకుపచ్చ ఛాయ, కింద ఓ మూల ఆవగింజంత మచ్చ. ఇన్నేళ్ళ పనిలో అలాంటి కన్ను గీసిన గుర్తు లేదు. పని చేసే చేతికి ఆకలేసింది. ఒక పూట గడిచింది, ఇంకో పూట గడిచింది. పొయ్యి ఎలా అంటిస్తారో అడిగింది, పిండి పొంగకపోతే ఏం చేస్తారో అడిగింది. అతను చెప్పాడు. వాళ్ళావిడ ఎగతాళి ఎలా చేస్తుందో చెప్పాడు. కళ్ళక్క కడుపుబ్బా నవ్వి కుంచె పక్కన పెట్టాల్సి వచ్చింది.

చివరి పూట, పచ్చ ఛాయ దిద్దుతూ, మనసు ఉండబట్టలేక చెప్పేసింది.

"మిమ్మల్ని కొట్టినవాళ్ళలో ఒకడు నా మేనల్లుడు."

అతను కదల్లేదు. ఆవిడ చూస్తున్న కన్ను మాత్రం కొంచెం పెద్దదైంది. అంత దగ్గర్నుంచి అది దాచుకోవడం ఎవరి తరం కాదు.

"అందుకేనా ఆ రోజు నన్ను అలా అడిగారు?"

"అందుకే. మీరేదో చేశారని మీ నోటితోనే అనిపిస్తే వాడు బయటపడతాడని."

చాలాసేపు అతను కిటికీలోంచి వచ్చే వెలుగు వైపే చూశాడు. లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళిపోయినా తప్పు లేదనుకుంది.

"ఇప్పుడు చెప్పనా?" అన్నాడు.

"చెప్పండి."

"షట్టర్ దించుతున్నాను. వెనకనుంచి ఎవరో ఏయ్ అన్నారు. కొట్టు మూసేవేళ ఎవరో ఒకరు రొట్టె కోసం పరిగెత్తుకొస్తూనే ఉంటారు. తెలిసినవాళ్ళేమో అని నవ్వుతూ తిరిగాను. అంతేనండీ. తిట్లు తర్వాత వినపడ్డాయి."

ఆవిడ కుంచె కడిగింది. కడిగిందే మళ్ళీ కడిగింది. "నొప్పిగా ఉందా?" అని అడిగింది. ఆలస్యంగా అడిగానని తనకీ తెలుసు.

"పొయ్యి వేడి తగిలితే ఉంటుంది" అన్నాడతను.

ఆదివారం పొద్దున కళ్ళక్క అన్నయ్య ఇంటికి వెళ్ళింది. చెప్పులు విప్పకముందే అన్నయ్య ఎదురొచ్చాడు.

"ఏమన్నాడు?"

"షట్టర్ దించుతున్నాడట. ఎవరో పిలిస్తే నవ్వుతూ తిరిగాడట."

"అది కాదే. అంతకుముందు?"

"అంతకుముందు ఏమీ లేదన్నయ్యా."

"ఏదో ఒకటి ఉండే ఉంటుంది!"

"నేనూ అలాగే అనుకున్నాను. ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. లేదు. నన్ను కోర్టుకి పిలిపించకు. పిలిపిస్తే ఇదే చెబుతాను."

కుర్రాడి తల్లి, వదిన, వంటింటి గుమ్మంలో నిలబడి భోరుమంది. "నీ చేత్తో ముద్దలు తిన్నవాడమ్మా! వాళ్ళెవరో నీకు ఎక్కువైపోయారా?"

"ఎక్కువేం కాలేదొదినా" అంది కళ్ళక్క. "వీడే ఎక్కువ. ఇప్పటికీ వీడే ఎక్కువ. అందుకే అబద్ధం చెప్పడానికి మనసు సిద్ధపడింది కూడా. కానీ ఆయన కంట్లోకి చూస్తూ అన్ని పూటలు కూర్చున్నాను. ఇక నాకు నోరు రాదు."

మేనల్లుడు లోపలి గదిలోంచి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసింది. కళ్ళక్క వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, అసలు నువ్వెందుకు వెళ్ళావురా అక్కడికి?"

ఇన్నాళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట వాణ్ణి ఎవరూ అడగలేదు. వాడు బిత్తరపోయి తండ్రి వైపు చూశాడు.

"పోస్టుమాన్ అన్నని కొట్టారు కదత్తా."

"కొట్టింది ఈయనా?"

"కాదు."

"మరి?"

"వాళ్ళలో ఒకడే కదా అనుకున్నాం."

ఆ మాటకి ఆవిడకి కోపం రావాల్సింది. రాలేదు, భయం వేసింది. తను సొరుగు తెరిచిన రోజు అన్నదీ ఇలాంటి మాటే. వీడికి ముద్దలు పెట్టిన చెయ్యీ, ఆ సొరుగు తెరిచిన చెయ్యీ ఒకటే.

"మొహం చూశావా?"

"చూశానత్తా. నవ్వాడు." వాడు తండ్రి వైపు చూడకుండా అన్నాడు. "మమ్మల్ని చూసి వెక్కిరిస్తున్నాడనుకున్నాం."

అన్నయ్య అటు తిరిగి కూర్చున్నాడు. వదిన ఏడుపు ఆగిపోయింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

వాడు అత్త చెయ్యి వదల్లేదు. నేల చూస్తూ అడిగాడు.

"ఆ కన్ను కుదిరిందా అత్తా?"

"కుదిరిందిరా" అంది కళ్ళక్క. "చూసినవాళ్ళెవరూ ఏది అసలుదో పోల్చుకోలేరు, అంత బాగా కుదిరింది. దాంతో ఆయనకి ఏమీ కనపడదు."